ఊపిరికీ నాలుకకూ చుట్టరికం



మేము పరధానులం. మా తాత దండారి పండుగకు పెప్రె ఊదుతాడు. బుగ్గల్లో గాలి ఆపుకొని, దాన్ని బయటికి నెడుతూనే ముక్కుతో పీలుస్తాడు. పాట తెగదు. పోయినసారి నన్ను చూడ వచ్చి గేటు దగ్గర ఊదితే, ఆ బుగ్గలు చూసి కొందరు నవ్విండ్రు. నేను కూడా సిగ్గుపడి లోపలికి పోయిన. అది నా తప్పు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ఊపిరి కండరాలు: పీల్చేటప్పుడు ఉదరవితానం కిందికి దిగుతుంది. పక్కటెముకల మధ్య కండరాలు ఛాతీని పైకి లేపుతాయి. గట్టిగా ఊదితే పొట్ట కండరాలు బిగుస్తాయి.

నాలుక: దీనిలో ఎముక లేదు. 8 రకాల కండరాలున్నాయి. అందులో పెద్దది జీనియోగ్లాసస్. ఇది కింది దవడ నుండి నాలుకలోకి పోతుంది. మనం పీల్చినప్పుడు నాలుకను ముందుకు లాగి గొంతు దారిని తెరిచి ఉంచుతుంది. నిద్రలో ఇది వదులైతే గురక రావచ్చు. అంటే ఊపిరితో పాటు నాలుక కూడా పని చేస్తది!

ఊదితే నాలుకకు బలం వస్తుందా? అడ్డు ఉన్న గొట్టంలో రోజూ ఊదితే ఆరోగ్యవంతులైన పెద్దవారికి కూడా నాలుక బలం పెరగవచ్చు. తప్పక పెరుగుతుందని మాత్రం చెప్పరాదు. ఈ బలాన్ని కొలవడానికి గాలి నింపిన చిన్న బుడగను నాలుకతో అంగిలికి అదమమంటారు. లెక్క కిలోపాస్కల్‌లలో వస్తుంది.

ఆస్ట్రేలియా ఆదివాసులకు డిజరిడూ అనే పొడుగు కర్ర వాద్యం ఉంది. దాన్ని కూడా మా తాత లాగే ఊపిరి తెగకుండా ఊదుతారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే 25 మందితో స్విట్జర్లాండ్ డాక్టర్లు ఒక పరీక్ష చేసి 2006లో అచ్చు వేశారు. 4 నెలలు డిజరిడూ ఊదిన వారికి పగటి కునుకు, ఊపిరి ఆగడం తగ్గినాయి. అక్కడ నాలుక బలం కొలవలేదు. కానీ ఊదడం గొంతు దారికి మేలు చేసింది.

చేసి చూడండి: కడిగిన బొప్పాయి కాడను గ్లాసు నీళ్ళలో ముంచి ఊదండి. 10 సెంటీమీటర్ల లోతుకు సుమారు 1 కిలోపాస్కల్ ఒత్తిడి కావాలి. గడ్డం కింద వేలు పెట్టి కండరం బిగుస్తుందేమో చూడండి. తల తిరిగితే ఆపండి. ఆయాసం ఉన్నవారు చేయవద్దు.

“అలసట రాదా తాతా?” అని అడిగితే, “చిన్నప్పటి సంది ఊదుతున్న బిడ్డా” అన్నాడు. ఈసారి వస్తే గేటు దగ్గర నిలబెట్టను. మేడం గారిని అడిగి ప్రార్థన దగ్గర ఊదిపిస్తాను. అప్పుడు బుగ్గలు కాదు, ఊపిరి చూడండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని