బైకుకు జీపీఎస్: తెర కన్నా రిసీవరు ముఖ్యం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడి నుంచి శ్రీకాకుళం వైపు బైకుపై రావాలంటే 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే చాలు. దీనికి ఫోను సరిపోతుంది. కాకపోతే అదురును తగ్గించే మౌంటు తప్పనిసరి. శక్తిమంతమైన బైకు ఇంజన్ల అదురు ఫోను కెమెరాను దెబ్బతీయవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది.

ఝాడ్‌గ్రామ్ వైపు సాల్ అడవుల్లో (మన గుగ్గిలం చెట్లే) మట్టిబాట పట్టారా, లెక్క మారుతుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాల సంకేతాలు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టే పరికరం మన స్థానాన్ని గుర్తిస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. తడిసిన ఆకులు ఆ సంకేతాలను బలహీనపరుస్తాయి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. వాతావరణం పైపొర అయనోస్ఫియర్‌లో ఎలక్ట్రాన్లు దట్టంగా పేరుకునే పట్టీ బెంగాల్ మీదుగా సాగుతుంది. మధ్యాహ్నాల్లో అది సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. సవరించకపోతే దూరం లెక్కలో తేడా పది మీటర్లు దాటవచ్చు. అడవిలో రెండు బాటలు చీలే చోట ఆ పది మీటర్లే కీలకం. ఆలస్యం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఎల్1, ఎల్5 రెండూ అందుకునే పరికరం వాటిని పోల్చి తనే సరిదిద్దుకుంటుంది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. మన నావిక్ సంకేతాలూ అందుకుంటే మరీ మంచిది. తెర సైజు ఆ తర్వాతి మాట.

సెల్ సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపు మాత్రం తెరుచుకోకపోవచ్చు. ముందే దించుకోండి. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. బైకు కడిగే పైపు జోరుకు ఆ హామీ వర్తించదు.