గొట్టాలు లావైతే చాలదు

ప్రశ్న: 10 అంగుళాల అద్దంతో టెలిస్కోప్ చేస్తున్నాను. నాలుగు అల్యూమినియం గొట్టాలు నిలువుగా బిగించాను. కిందికి వంచితే కొలిమేషన్ (అద్దాల వరుస) చెడిపోతోంది. ఇంకా లావు గొట్టాలు వాడాలా?

జవాబు: లావు కంటే అమరిక ముఖ్యమండీ. సమాంతరంగా నిలిపిన నాలుగు గొట్టాల చట్రం నులకమంచంలా పక్కకు ఒరుగుతుంది. ఎనిమిది గొట్టాలను జంటలుగా, త్రిభుజాలుగా బిగించండి. అప్పుడు బరువు గొట్టాన్ని వంచదు, పొడవు వెంట లాగడమో నెట్టడమో చేస్తుంది. 25 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మందం మీకు సరిపోతాయి.

పాలొమార్ 200 అంగుళాల టెలిస్కోప్ కోసం 1935లో మార్క్ సెరూరియర్ వేసిన ట్రస్ (త్రిభుజాల చట్రం) డిజైన్‌లో రెండు చివరలూ సమానంగా, సమాంతరంగానే కుంగుతాయి. మనం ఇళ్లలో చేసేవాటిలో పై సగమే ట్రస్. ఆ సర్దుబాటు దొరకదు. కాబట్టి పై చట్రం తేలిగ్గా ఉండాలి. బరువైన ఫైండర్ మోజు తగ్గించుకోండి!

అసలు దొంగ చాలాసార్లు కీళ్లలో ఉంటాడు. పై చట్రాన్ని వేలితో నెట్టి వదలండి. పాత చోటికి రాకపోతే బోల్టు రంధ్రం వదులని అర్థం. ఫోకసర్‌లో లేజర్ పెట్టి టెలిస్కోప్‌ను వంచి చూడండి. చుక్క అద్దం మధ్యలోనే నిలిచి, తిరిగొచ్చే కిరణం మాత్రం జరిగితే, ట్రస్‌ను వదిలేసి అద్దం కింది ఆధారాన్ని బిగించండి.