బావినీరు ఎచ్చటిది? – సున్నపురాతి నేలలలో నీటిజాడ తీయు విధము

మన ప్రాంతమున నిది తరచుగా జరుగునదే. ఒక రైతు అప్పు తెచ్చి క్రొత్త బోరు వేయించును. నీరు పడును. పది దినములు తిరుగకుండనే ప్రక్కచేనివాని పాతబావి అడుగంటును. "నా నీరు నీవు లాగుకొంటివి" అని యొకరు, "నా భూమిలోని నీరు నాది" అని యొకరు కలహింతురు. ఇరువురును సంఘసభ్యులే యైనచో ఆ కలహము సంఘపు పద్దులకును తగులును. ఎండిన బావిపై నిచ్చిన అప్పు వసూలగుట యెంత కష్టమో కార్యవర్గమువారికి చెప్పనక్కరలేదు. ఇరువురి మాటలోను కొంత న్యాయముండవచ్చును గాని, ఇరువురును విచారింపని ప్రశ్న యొకటి కలదు: ఆ నీరు వారి బావులకు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

అరచేత కొబ్బరికాయ పట్టుకొని చేనంతయు తిరిగి నీరు చెప్పువారు మనలో నున్నారు. వారు చూపినచోట నీరు పడినను పడవచ్చును. అయితే ఆ నీటి పుట్టుక కొబ్బరికాయ చెప్పదు. దానిని తెలిసికొనుటకు మొదట నేలక్రింది రాతిని చూడవలయును.

పెన్‌పహాడ్, సూర్యాపేటల చుట్టును నేలక్రింద నున్నది గ్రానైటు జాతి గట్టిబండ. పైన కొన్ని గజముల మేర నది చీకి మొరముగా మారియుండును, దానిక్రింద చీలికలు. వాననీరు మొరములో నానుచు చీలికలవెంట మెల్లగా నడచును. రెండు బావు లొకే చీలికపై నున్నచో ఒకదానిని తోడగా రెండవది తగ్గును. నడుమ చీలికలేని బండ అడ్డమున్నచో, యాబది గజముల దూరమున నున్నను ఒకదాని సంగతి మరియొకదానికి తెలియదు.

దక్షిణముగా గరిడేపల్లి దాటి పోయినచో నేల మారును. హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల తావులలో సున్నపురాయి కలదు. ఇండ్లలో పరచుకొను నాపరాయి ఆ జాతిదే. అచ్చట వెలసిన సిమెంటు కర్మాగారములకు ముడిసరుకును ఆ రాయియే. కృష్ణకు ఆవలియొడ్డున పల్నాటిలోను అదియే కొనసాగును. దానిపై ద్రావకపు చుక్క వేసినచో బుసబుస పొంగును. గ్రానైటుపై వేసినచో నేమియు కాదు. ఈ చిన్న పరీక్షలోనే పెద్ద భేదమంతయు నున్నది.

ఎట్లనగా, వాననీరు గాలినుండియు, అంతకంటె నెక్కువగా మట్టిలోని వేళ్లనుండియు క్రుళ్లిన ఆకులనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ పులుపు సున్నపురాతిని కరగించును. ఒక యేడాదిలో కరగునది కంటికి కనబడదు. వేలు, లక్షల ఏండ్లు గడవగా చీలిక కాలువ యగును, కాలువ గుహ యగును. ఇట్టి భూములను శాస్త్రజ్ఞులు కార్‌స్టు భూములందురు; ఆ పేరు ఐరోపాలోని స్లొవేనియా దేశపు పీఠభూమి యొకదాని నుండి వచ్చినది. ఇచ్చట నీరు నానుటకు బదులు పారును. భూమిపైనున్న వాగు ఒక గుంటలో మునిగి, కనబడకుండ పోయి, వేరొకచోట ఊటగా తేలును.

తెలుగునాట దీనికి మంచి నిదర్శనము నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని గుర్తించెను. 1982, 1983 సంవత్సరములలో జర్మను గుహాన్వేషకులు లోపల తిరిగి కొలిచిరి. పొడవు 3,229 మీటర్లు. అందు మిక్కిలి లోతున పాతాళగంగ యను సన్ననిధార నిత్యము పారుచు, కొంతదూరము పోయి రాతిలో మాయమగును. రెండు కిలోమీటర్ల దూరమున నున్న బెలుం గ్రామపు బావికి ఆ నీరు చేరునని నమ్మకము కలదు. నమ్మకము నిజమే కావచ్చును. ఇట్టిదానిని ఋజువు చేయుట యెట్లు? ఇందుకు జర్మనీదేశపు కథ యొకటి వినదగినది, అదియు నీటితగవే.

ఆ దేశమున డాన్యూబు నది ఇమ్మెండింగెన్ అను ఊరికడ ఏటి అడుగునగల బొరియలలోనికి ఇంకిపోవును. వేసవిలో కొన్నినాళ్లు ఏరు పూర్తిగా ఎండును. అచ్చటికి సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఆఖ్ అనుచోట పెద్ద ఊట పైకుబుకును. సగటున సెకనుకు 8,500 లీటర్లు, మన కాలువల లెక్కలో 300 క్యూసెక్కులు. డాన్యూబు నల్లసముద్రమునకు పోవు నది. ఆఖ్ ఊట రైను నదిలో కలిసి ఉత్తరసముద్రము చేరును. డాన్యూబు దిగువన టుట్లింగెన్ పట్టణములోని కర్మాగారములవారు నీరు చాలక బొరియలను పూడ్పింప జూచిరి. పూడ్చినచో మా ఊట పోవునని ఆఖ్ ఒడ్డున మిల్లులవారు అడ్డుపడిరి. ఆ నీరు ఈ నీరే యని మాత్రము ఎవరును చూపలేకపోయిరి.

1877లో క్నాప్ అను ఆచార్యుడు పరీక్ష నడపెను. ఇరువది టన్నుల ఉప్పు బొరియలలో పోయించిరి. పిమ్మట అక్టోబరు మాసమున పది కిలోల యురనీను రంగు కలిపిరి. ఇది కోటి పాళ్ల నీటిలో ఒక పాలు కలిసినను ఆకుపచ్చగా మెరయునట్టి రంగు. సుమారు అరువది గంటలకు ఆఖ్ ఊట పచ్చగా మారినది. గంటకు రెండువందల మీటర్ల చొప్పున నీరు నేలక్రింద నడచినదన్నమాట. అంతటితో తగవు తీరలేదు. 1927లో ఇదే నీరు జర్మను రాష్ట్రముల నడుమ వ్యాజ్యమై న్యాయస్థానమునకెక్కెను. అయినను అప్పటినుండి వాదము "నీరెచ్చటిది" అను దానిమీద కాక "పాలు ఎంత" అను దానిమీద నడచినది. తగవులలో నిది చిన్న లాభము కాదు.

మరియొక జాడ యెవరును తలపెట్టకయే దొరకినది. 1901 ఆగస్టు 11న ఫ్రాన్సులోని పాంటార్లియే పట్టణమున పిడుగు పడి సారా కర్మాగార మొకటి అంటుకొనెను. పీపాలు పేలునను భయముతో సారానంతయు ప్రక్కనున్న డూ నదిలోనికి వదలిరి. రెండు దినములకు, వేరొక లోయలో లూ నది పుట్టు ఊటకడ ఆ సారావాసన గుప్పున కొట్టెను. 1910లో రంగువేసి ఆ సంబంధమును నిర్ధారించిరి. ఈ కథ విని నవ్వుకొనవచ్చును గాని, ఆ దినమున నదిలో పోసినది సారా గనుక వాసన తెలిసినది. పురుగులమందో, మురుగో యైనచో నెవరికి తెలియును? సున్నపురాతి సొరంగములలో నీటిని వడగట్టునదేమియు లేదు. చచ్చిన గొడ్డును పాడుబడిన గుంటలో పడవేసినవాడు తన ఊరి త్రాగునీటిలోనే పడవేయుచుండవచ్చును.

గ్రానైటు నేలలో అపాయము వేరు. అచ్చట నీరు మెల్లగా నడచును గాన చాలవరకు వడగట్టబడును. కాని రాతిలో నెక్కువకాలము నిలిచిన నీటికి సామాన్యముగా ఫ్లోరైడు ఎక్కును. నల్లగొండసీమ ప్రజలు దానివలన పడిన బాధ లోకమెరిగినది. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. ఒకచోట క్రొత్తనీటి భయము, ఒకచోట పాతనీటి భయము. అందుచేతనే నీటి వయస్సును, పుట్టుకను తెలిసికొనుట వేడుక కాదు.

నేడు రంగు వేయకయే జాడ తీయు మార్గములున్నవి. నీటిలో బరువైన పరమాణువులు కొన్ని సహజముగానే యుండును. చెరువునందుగాని జలాశయమునందుగాని నిలిచి ఎండకు ఆవిరియైన నీటిలో తేలిక పాలు ముందుగా పోవుటచే బరువు పాలు హెచ్చును. వాన పడగానే ఇంకిన నీటిలో అట్లుండదు. కావున బావినీటిని పరీక్షించి, అది కాలువదా, వానదా యని చెప్పవచ్చును. ట్రిటియము అనునది 12.3 ఏండ్లకు సగమగును; దాని కొలతనుబట్టి నీటి వయస్సు తెలియును. హైదరాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ వారు వాననీరు ఎంత ఇంకునో కనుగొనుటకు ట్రిటియమును వాడిరి.

ఇవి ప్రయోగశాలల పనులు. మన చేతిలోని జాడ మరియొకటి కలదు. అది కాలువయే. మూసీ యెడమకాలువ క్రిందనున్న బావి, కాలువ కట్టిన కొలదిదినములకే దిగి, విడువగానే ఎక్కినచో, ఆ బావి కాలువ బిడ్డయని తెలియవలెను. అట్టి బావికి మూసీలోని హైదరాబాదు మురుగుతోను సంబంధముండును గాన త్రాగుటకు ముందు పరీక్ష చేయించుట మంచిది. హుజూర్‌నగర్, కోదాడ ప్రక్కలవారు నాగార్జునసాగరు ఎడమకాలువతో నిట్లే చూడవచ్చును. కాలువ సంగతి పట్టక, వాన కురిసిన నెలకో రెండు నెలలకో మెల్లగా ఎక్కు బావి వాననీటిది. సున్నపురాతి బావి పెద్దవాన పడిన మరునాడే ఎఱ్ఱబారినచో, దగ్గరలో నెచ్చటనో నోరు తెరచిన గుంట యున్నట్లే.

దీనికి కావలసినది గజము గజమునకు ముడివేసిన త్రాడొకటి, పుస్తకమొకటి. పక్షమునకొకమారు, ప్రొద్దున మోటారు వేయకముందు, నీటిలోతు కొలిచి వ్రాయవలెను. కాలువ విడిచిన దినము, కట్టిన దినము, వాన పడిన దినము ప్రక్కన వ్రాయవలెను. ఒక బావి లెక్కవలన ప్రయోజనము కొంచెమే. ఒకే దిబ్బచుట్టునున్న పది బావుల లెక్క ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు ఏవి కలిసి దిగుచున్నవో, ఏవి విడిగా నున్నవో తేటపడును. 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము క్రింద క్రొత్త బోరునకు అనుమతి యవసరము. ఆ దరఖాస్తుతోపాటు ఈ లెక్కను భూగర్భజల శాఖవారికి చూపినచో వారికి పని సులువగును. సంఘము అప్పు మంజూరు చేయుటకు ముందు అడుగదగిన కాగితమును ఇదియే. రంగుగాని ఉప్పుగాని ఎవరును స్వయముగా బావిలో వేయరాదు. ఆ పని శాఖవారి సమక్షముననే జరుగవలెను.

వేసవిలో కాలువ కట్టుటకు ఒక పక్షము ముందుగా కొలత లారంభించినచో మొదటి యేడే జాడ చిక్కును. ఆలస్యమైనచో మరల కాలువ విడుచువరకు ఆగవలసియుండును.