ఎండాకాలం పంట తునికాకు

మణుగూరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. 2016కు ముందు ఖమ్మం జిల్లాలో ఉండేది. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి. నడుమ సింగరేణి బొగ్గు గనులు. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ నిప్పులు చెరుగుతుంది. గోదావరి సన్నబడి ఇసుక తిన్నెలు తేలుతాయి.

అప్పుడు పొలంలో పని తక్కువ. అయినా ఆడవాళ్లకు తీరిక ఉండదు. అడవే వాళ్లకు చేను.

ముందుగా ఇప్పపువ్వు వస్తుంది. పువ్వు రాత్రిపూట రాలుతుంది. తెల్లవారుజామునే బుట్ట పట్టుకుని పోయి ఏరుకుంటారు. శ్రీరామనవమికి భద్రాచలంలో సీతారాముల పెళ్లి. కోయగూడేల్లో మామిడికాయ పండుగ. దేవతకు పెట్టాకే కొత్త కాయ తింటారు. అందాకా కాయ ముట్టరు.

ఆ తరువాత తునికాకు. బీడీలు చుట్టేది ఈ ఆకుతోనే. ఎండలు ముదరక ముందే తునికి పొదలు నరుకుతారు. మళ్లీ లేత ఆకు చిగురిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆకు కోస్తారు. పొద్దున్నే అడవికి పోతారు. ఎండెక్కేసరికి ఇంటికొస్తారు. ఇంటిల్లిపాదీ నీడన కూర్చుని కట్టలు కడతారు. సాయంత్రం కల్లానికి తీసుకుపోతారు. కల్లేదారు లెక్క చూసి కార్డులో రాస్తాడు. కట్టలు ఎండలో ఆరబెడతారు.

లెక్క తెలుసుకుందాం

ఒక కట్టకు 50 ఆకులు. 1000 కట్టలు ఒక బస్తా. అంటే ఒక బస్తాకు 50 వేల ఆకులు!

ఒక అక్క 120 కట్టలు తెచ్చిందనుకుందాం. కార్డులో 102 అని పడింది. అంకెలు అవే. చోటు మారింది, అంతే. కానీ 18 కట్టలు పోయాయి. కట్ట 3 రూపాయలు అనుకుంటే 54 రూపాయలు నష్టం. తరువాత బోనస్ ఇచ్చేటప్పుడు కూడా ఈ లెక్కే చూస్తారు. అప్పుడు మళ్లీ నష్టం. అందుకే కల్లం దగ్గరే కార్డు చదవాలి. తప్పుంటే అక్కడే అడగాలి. ఒక్కరే అడగడానికి జంకితే నలుగురూ కలిసి అడగాలి. ఇంటి దగ్గర ఒక కాగితం మీద కూడా రోజూ రాసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

1971లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం వచ్చింది. దానితో తునికాకు వ్యాపారం ప్రభుత్వం అదుపులోకి వచ్చింది. 2006లో దేశమంతటికీ అటవీ హక్కుల చట్టం వచ్చింది. తరతరాలుగా అడవిలో ఏరుకునే చిన్న ఫలసాయం మీద అడవి బిడ్డలకే హక్కు అని ఆ చట్టం చెప్పింది. అందులో తునికాకు కూడా ఉంది. ఆకు కోయడం ఎవరో పెట్టే భిక్ష కాదు. అది హక్కు.

జాగ్రత్తలు

నీళ్లు వెంట తీసుకుపోండి. అంబలి తాగి బయలుదేరండి. తలకు గుడ్డ చుట్టుకోండి. ఇప్పపువ్వన్నా తునికి పండన్నా ఎలుగుబంటికి ఇష్టం. కాబట్టి ఒంటరిగా పోవద్దు. ఇప్పచెట్టు కింద చెత్తకు నిప్పు పెట్టవద్దు. చీపురుతో ఊడ్చుకోండి. నిప్పు పాకితే అడవి కాలుతుంది. వచ్చే ఏటి పంట కూడా పోతుంది.

ఆలోచించండి, రాయండి

1. ఒక కట్టకు ఎన్ని ఆకులు?
2. సోమవారం 95, మంగళవారం 110, బుధవారం 85 కట్టలు. మొత్తం ఎన్ని? కట్టకు 3 రూపాయలైతే ఎంత రావాలి?
3. కార్డులో లెక్క తప్పుంటే మీరు ఏం చేస్తారు? నలుగురూ కలిసి మాట్లాడుకోండి.