కదలని నాన్నతో ఏం మాట్లాడాలి?

గిలన్ బారే సిండ్రోమ్‌తో నెలరోజులుగా వెంటిలేటర్ మీదున్న తండ్రి దగ్గర కూర్చుని ఏం చేయాలని ఒక పాఠకురాలు అడిగారు.

మాట్లాడాలి. 2025 జనవరిలో పుణేలో కేసులు పెరిగినప్పుడు అందరూ విన్న ఈ జబ్బు నరాలను దెబ్బతీస్తుంది. తెలివి సాధారణంగా చెక్కుచెదరదు. ఆయన అన్నీ వింటుంటారు. మంచం పక్కన బిల్లుల చర్చ, ఏడుపులు వద్దు.

తేదీ, వేళ రోజూ చెప్పాలి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే నర్సునడిగి పెట్టించాలి. ఐసీయూలో వచ్చే అయోమయం తగ్గడానికి అవి సాయపడతాయి. రెప్ప కదిలితే ‘అవును’కు ఒకసారి, ‘కాదు’కు రెండుసార్లు ఆర్పమనాలి. తాకితే నొప్పి ఉండొచ్చు కాబట్టి చెయ్యి పట్టుకునే ముందు అడగడం ఆయనకిచ్చే గౌరవం.

కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రాత్రి కాపలా అమ్మ ఒక్కరిమీదే వేయకుండా, వంతులు ఇప్పుడే రాసుకోవాలి.