మ్యూజిక్ ప్రాజెక్టు: ముందు చప్పట్లు, తర్వాత స్లైడ్లు

బర్మాలోని తన్లిన్‌లో ఇంటర్నేషనల్ స్కూల్లో ప్రైమరీ టీచర్‌గా చేరితే మ్యూజిక్ జానర్ ప్రాజెక్టు ఎప్పుడో ఒకప్పుడు మీ నెత్తిన పడుతుంది. మ్యూజిక్ టీచర్ ఉన్నా క్లాస్ టీచర్‌కి సగం పని తప్పదు. పిల్లలు గ్రూపులుగా విడిపోయి తలా ఒక సంగీత శైలి తీసుకోవాలి. దాని గురించి క్లాసులో చెప్పి, కాస్త పాడో వాయించో చూపించాలి. టర్మ్ ప్లాన్‌లో ఇది చాలా తేలిగ్గా కనిపిస్తుంది. కానీ చివరి రోజు వెనక బెంచీల్లో పేరెంట్స్ ఉంటారు, ప్రిన్సిపాల్ కూడా ఉంటారు. మీ కాంట్రాక్టు రెన్యూవల్ గురించి రాయాల్సింది ఆవిడే.

ఈ ప్రాజెక్టులు చాలావరకు స్లైడ్ల దగ్గరే చెడతాయి. రెగే తీసుకున్న గ్రూపును చూడండి. బాబ్ మార్లే ఫొటో, జమైకా జెండా, నెట్‌లోంచి ఎత్తిన మూడు పేరాలు. ఒక పిల్ల బోర్డు వైపు తిరిగి అవి చదివేస్తుంది. తర్వాత యూట్యూబ్‌లో పాట పెట్టి నలుగురూ అటూ ఇటూ ఊగుతారు. వారాల తరబడి చేసిన పనికి దక్కేది ఇంతే. అడిగితే ఒక్కరు కూడా రెగే చప్పుడు ఎలా ఉంటుందో చేతులతో చూపించలేరు.

అందుకే మొదటి రెండు వారాలు లాప్‌టాప్ తెరవనివ్వకండి. అదే రెగే గ్రూపును ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెడుతూ రెండు మీద, నాలుగు మీద మాత్రమే చప్పట్లు కొట్టమనండి. చాలామంది చెయ్యి ఒకటి మీదే పడిపోతుంది. పడనివ్వండి, నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. బ్లూస్ గ్రూపుకైతే పన్నెండు బార్లు ఇవ్వండి: మొదటి నాలుగు సీ, తర్వాత రెండు ఎఫ్, రెండు సీ, ఆపైన జీ ఒకటి, ఎఫ్ ఒకటి, చివర రెండు సీ. యుకులేలే కొత్తగా పట్టిన పిల్లలకి కూడా ఇది అందుతుంది. స్లైడ్ల పని నాలుగో వారంలో మొదలుపెట్టినా సరిపోతుంది. చేతికి వచ్చిన విషయాన్ని పిల్లలు చూడకుండా చెప్పగలరు.

శైలి ఎంచుకోవడం పూర్తిగా పిల్లలకే వదిలేస్తే క్లాసంతా కే-పాప్ అంటుంది. బోర్డు మీద ఎనిమిది పేర్లు రాసి చీటీలు తీయించండి. వాటిలో ఒకటి ఈ ఊరిదై ఉండాలి. బర్మా సంప్రదాయ సంగీతం అనగానే పెద్ద సైంగ్ వైంగ్ మేళం, ఇరవై ఒక్క డ్రమ్ముల చట్రం గుర్తొచ్చి టీచర్లు వెనక్కి తగ్గుతారు. అంతవరకూ వెళ్లక్కర్లేదు. ఆ సంగీతంలో తాళం నడిపేవి రెండు చిన్న వస్తువులు: ‘సీ’ అనే చిన్న తాళాలు, ‘వా’ అనే వెదురు చిడత. బరువు ‘వా’ మీద పడుతుంది. ఇద్దరు పిల్లలు ఇవి పట్టుకుంటే పాటకు తాళం సిద్ధమైనట్టే. ఇంగ్లిష్‌లో వెనకబడి ఎప్పుడూ మూల కూర్చునే బర్మా పిల్లాడు ఆ రోజు గ్రూపును నడిపించే అవకాశం కూడా ఉంది. కాపీ తచిన్ కూడా మంచి ఎంపికే. విదేశీ పాటల వరసలకు బర్మీస్ మాటలు కట్టిన పాటలవి. ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసే ఉంటాయి. అసలు పాట, కాపీ పాట పక్కపక్కన పాడిస్తే వినేవాళ్లకు విషయం వెంటనే అందుతుంది.

తింజాన్ పండగ తంజాత్ మాత్రం వద్దు. డోలు మీద పాడే ఆ పాటల్లో పాలకుల మీద చురకలుంటాయి. పదేళ్ల పిల్లలు సరదాకే పాడతారు, కానీ వీసా మీద ఉన్నది మీరు.

క్లాసులో తెలుగు పిల్లలుంటే బుర్రకథ ఇవ్వొచ్చు. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ముగ్గురి గ్రూపుకు ఎవరేం చెయ్యాలో ముందే రాసిపెట్టినట్టుంటుంది. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గురించి రెండు వాక్యాలు చాలు. మిగతా టైమంతా ‘తందాన తాన’ వంతకే ఇవ్వండి.

పియానో క్లాసులకు వెళ్లే పిల్ల ఉన్న గ్రూపులో ఆమె వాయిస్తుంది, మిగతావాళ్లు చూస్తారు. ఆమెకు గంటలో తాళాలో ఇచ్చి, కీబోర్డు ఇంకొకరికి ఇవ్వండి. ఆ పియానో పిల్ల అమ్మగారి నుంచి ఈమెయిల్ వస్తుంది. ప్రాజెక్టు మొదలయ్యే రోజే అందరు పేరెంట్స్‌కీ ఒక నోట్ పంపి ఉంటే జవాబు తేలిక: వాయిద్యాలు స్కూలే పంచుతుంది, బట్టలు కొనొద్దు, ట్రాక్ రికార్డు చేయించొద్దు. ఈ నోట్ పంపకపోతే ఒక గ్రూపు అద్దె డ్రెస్సుల్లో వస్తుంది, పక్క గ్రూపు ఏడుస్తుంది.

టైమ్ లెక్క కాగితం మీద వేయండి. ఇరవై నాలుగు మంది, ఆరు గ్రూపులు, పీరియడ్ నలభై నిమిషాలు అనుకుందాం. గ్రూపుకు నాలుగు నిమిషాలు, సర్దుకోవడానికి రెండు. మొత్తం ముప్పై ఆరు. పాపం కదా అని ఆరేసి నిమిషాలిస్తే నలభై ఎనిమిదవుతుంది. ఆఖరి గ్రూపు వంతు వచ్చేసరికి లంచ్ బెల్ మోగుతుంది. ఆ గ్రూపులోనే ఎవరో ఒకరి నాన్న తిలావా ఎస్ఈజెడ్‌లో మీటింగ్ వదిలి వచ్చి కూర్చుని ఉంటాడు.

కరెంటు, ఇంటర్నెట్ రెండింటినీ నమ్ముకోకండి. జనరేటర్ అందుకునేలోపు స్పీకర్ ఆగుతుంది, బ్లూటూత్ మళ్లీ కలవదు. ట్రాక్‌లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. అంతకంటే ముఖ్యంగా, ఏ గ్రూపైనా కరెంటు లేకుండా ఒక నిమిషం వినిపించగలగాలని మొదటి రోజే షరతు పెట్టండి. రిహార్సల్‌లో చెప్పకుండా స్విచ్ ఆపి చూడండి. ఎవరు ట్రాక్ వెనక దాక్కుంటున్నారో అప్పుడు తెలుస్తుంది.

మార్కులు పదికి వేస్తే ఐదు ప్రదర్శనకు, మూడు చెప్పిన తీరుకు, రెండు వినడానికి. వినడానికి మార్కులేంటని సీనియర్లు నవ్వొచ్చు. కానీ వంతు అయిపోయిన గ్రూపు అల్లరి మొదలుపెట్టేది మిగతావాళ్లను వినాల్సిన ఆ టైమ్‌లోనే. ప్రతి పిల్లకీ ఒక చీటీ ఇచ్చి, వేరే గ్రూపును అడగడానికి ఒక ప్రశ్న రాయించండి. గ్రూపు మార్కు అందరికీ ఒకటే వేయకుండా ప్రదర్శన మార్కు విడివిడిగా వేయండి. రిపోర్టు కార్డు రోజు ‘మా వాడికి ఎందుకు తగ్గింది’ అనే ప్రశ్న తప్పదు. చూపించడానికి మీ చేతిలో షీటు ఉండాలి. వీడియో తీస్తే పేరెంట్స్ అనుమతి ఉన్న పిల్లలనే తీయండి, దాన్ని మీ సొంత ఫోన్లో ఉంచుకోకండి. మార్కులు అదే సాయంత్రం సిస్టమ్‌లో ఎక్కించేయండి. సోమవారానికి వాయిదా వేస్తే ఎవరు ఎప్పుడు తప్పారో గుర్తుండదు.