కాయిల్ పొగ, పాప దగ్గు

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. దోమలకు రాత్రిళ్లు కాయిల్ వెలిగిస్తాం. తెల్లారేసరికి దగ్గుతోంది. వేపాకు పొగ వేయొచ్చా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. వేపాకుదైనా పొగ పొగే, పసి ఊపిరితిత్తులకు పడదు. ఒక్క కాయిల్ 75 సిగరెట్లంత సన్నటి ధూళి వదలగలదని 2003లో ఒక పరిశోధన తేల్చింది. తలుపులు మూసిన గదిలో దాన్నే పాప పీలుస్తోంది. ఈ రాత్రే కాయిల్ మానేసి దోమతెర కట్టండి, అంచులు పరుపు కిందికి దోపండి. కిటికీలకు జాలీ కొట్టించండి.

అసలు పని ఇంటి చుట్టూ ఉంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి కూలర్, తొట్టి, పూలకుండీల కింది పళ్లాలు ఖాళీ చేసి, పీచుతో రుద్ది ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు వాటి లోపలి గోడలకు అంటుకుంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు.

పిల్లికూతలు, డొక్కలెగరేయడం కనిపిస్తే వెంటనే, దగ్గు రెండు వారాలు దాటితే తప్పకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.